యంత్రం ఉంది, మనిషే దిగుతున్నాడు

(లత్తేరిలో జరిగిన యువజన సదస్సులో మా బృందం తరఫున చేసిన ప్రసంగ పాఠం)

 

కాట్పాడి వైపు నుంచి వచ్చే పాసింజరు ఈ రోజు కూడా ఆలస్యమే. సగం మంది ఇప్పుడే వచ్చి కూర్చున్నారు. వెనక నిలబడినవాళ్లు ముందుకు రండి, చాపలు ఖాళీగా ఉన్నాయి.

మాకు ఇచ్చిన అంశం "కొత్త యంత్రాలు, పేటెంట్లు, మన యువత". ఈ మాట విని మాలో మేమే నవ్వుకున్నాం. మా బృందంలో ఇంజినీరింగు చదివినది ఒక్కరే. మిగిలినవాళ్లం తోళ్ల షాపుల్లో, ఆంబూరు బూట్ల కంపెనీల్లో, గుడియాత్తం మగ్గాల మీద బతికిన ఇళ్ల నుంచి వచ్చాం. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, ఫ్యాక్టరీలో మూడు భాషలూ కలిపి. పేటెంట్ గురించి మాకేం తెలుసు అనుకున్నాం. తర్వాత ఆలోచిస్తే, పేటెంట్ కాగితం మీద పేరున్నవాళ్ల కంటే ఆ యంత్రం పక్కన నిలబడేవాళ్లకే దాని గురించి ఎక్కువ చెప్పాల్సి ఉంటుందనిపించింది. అందుకే ఒప్పుకున్నాం.

మన దేశంలో మొట్టమొదట పేటెంట్‌కు దరఖాస్తు చేసుకున్న యంత్రం ఏమిటో ఎవరైనా చెప్పగలరా? రైలు ఇంజనా? కాదు. 1856 మార్చి 3న కలకత్తాలో జార్జ్ ఆల్ఫ్రెడ్ డిపెనింగ్ అనే ఇంజినీరు అర్జీ పెట్టుకున్నాడు. ఆ యంత్రం పంకా లాగేది. దొరల బంగళాల్లో పైకప్పుకు గుడ్డ పంకా వేలాడేది. దాని తాడు గోడలోంచి వరండాలోకి వచ్చేది. అక్కడొక కూలి కూర్చుని రాత్రంతా లాగేవాడు. చేయి నొప్పి పుడితే తాడును కాలి వేలికి కట్టుకుని పడుకునే లాగేవాడు. ఆ పనిని యంత్రంతో చేయించాలని డిపెనింగ్ ఆలోచన. మంచి ఆలోచనే. కానీ యంత్రం వచ్చాక ఆ కూలి ఎక్కడికి పోతాడు, ఏం తింటాడు అని అడిగే గడి ఇప్పటి పేటెంట్ దరఖాస్తు ఫారంలో కూడా లేదు. ఆ గడిని మనమే మనసులో గీసుకుని చదవాలి.

పేటెంట్ అంటే ఏమిటో రెండు మాటల్లో చెప్పుకుందాం. మీరు కనిపెట్టినది కొత్తదై ఉండాలి, ఆ పని తెలిసినవాడికి కూడా ఇట్టే తట్టనిదై ఉండాలి, పరిశ్రమలో వాడకానికి పనికి రావాలి. అప్పుడు దరఖాస్తు చేసిన రోజు నుంచి 20 ఏళ్లపాటు దాని మీద హక్కు మీది. మీ అనుమతి లేకుండా ఇంకొకరు దాన్ని చేయకూడదు, అమ్మకూడదు. దానికి బదులుగా మీరు రహస్యం దాచుకోకూడదు. ఎలా చేయాలో బొమ్మలతో సహా రాసి ఇవ్వాలి. 20 ఏళ్లు గడిచాక అది అందరి సొత్తు. ఇప్పుడు మన దేశంలో నడిచేది 1970 నాటి పేటెంట్ల చట్టం, తర్వాత చాలాసార్లు సవరించారు. ఇక్కడ ఉన్నవాళ్లు గుర్తు పెట్టుకోవలసిన చిన్న క్లాజులు మూడో సెక్షన్‌లో రెండున్నాయి. మనుషుల ఆరోగ్యానికో పర్యావరణానికో తీవ్రమైన హాని చేసేదానికి పేటెంట్ ఇవ్వకూడదని ఒకటి. తరతరాలుగా జనం దగ్గర ఉన్న సంప్రదాయ జ్ఞానాన్ని తనదని ఎవరూ రాయించుకోకూడదని ఇంకొకటి.

ఈ రెండో క్లాజు చదివినప్పుడు మాకు మా తాతలు గుర్తొచ్చారు. తమిళనాట అరుంధతియార్లు అని పిలిచే జనంలో చాలామంది ఇళ్లలో ఈ రోజుకీ తెలుగే మాట్లాడతారు. సరిహద్దుకు అటువైపు మాదిగలు. తోలును ఊనే విద్య వాళ్లది. చచ్చిన గొడ్డు తోలు తెచ్చి, సున్నపు నీళ్లలో నానబెట్టి, వెంట్రుక గీకి, లందలో తంగేడు చెక్కా కరక్కాయా వేసిన నీళ్లలో రోజుల తరబడి ఉంచి, తొక్కి, తిప్పి, ఆరబెడితే చెప్పు అయ్యేది, డప్పు అయ్యేది, బావిలోంచి నీళ్లు తోడే కపిల సంచి అయ్యేది. తంగేడు చెక్కలో ఉన్నది టానిన్ అని వాళ్లకు పేరు తెలియదు. ఎన్ని రోజులకు తోలు పండుతుందో మాత్రం ముట్టుకుని చెప్పేవారు. లందలో చేయి పెట్టినవాణ్ని ఊరు దూరం పెట్టింది, ఆ చేతిలోంచి వచ్చిన కపిలతో తోడిన నీళ్లను మాత్రం పొలానికి పారించుకుంది. ఈ విద్య ఎవరు కనిపెట్టారో ఏ రిజిస్టరులోనూ లేదు.

అపొస్తలుల కార్యములలో పేతురు యొప్పేలో ఎవరి ఇంట్లో దిగాడో మీకు గుర్తుండే ఉంటుంది. సముద్రం ఒడ్డున ఉన్న చర్మకారుడు సీమోను ఇంట్లో. ఊరి మధ్యలో కాదు, ఒడ్డున. వాసన వల్ల, నీళ్ల అవసరం వల్ల ఆ పనివాళ్లు అక్కడా ఊరి అంచుకే పరిమితం. పేతురు ఆ ఇంట్లో చాలా రోజులు ఉన్నాడు. బడిలో మనల్ని ఎగతాళి చేసిన రోజుల్లో మా అమ్మ ఈ సంగతే చెప్పేది.

సరే, యంత్రాల దగ్గరికి వద్దాం. 1884లో అమెరికాలో ఆగస్టస్ షుల్ట్జ్ అనే రసాయన నిపుణుడు క్రోమియం లవణాలతో తోలు ఊనే పద్ధతికి పేటెంట్ పొందాడు. ఆడవాళ్లు నడుముకు బిగించుకునే కార్సెట్లలో ఇనప బద్దలుంటాయి, అవి తుప్పు పట్టకుండా చుట్టడానికి తగిన తోలు కావాలని ఒక స్నేహితుడు అడిగితే ఈ దారి తట్టిందని చెబుతారు. 1893లో మార్టిన్ డెన్నిస్ దాన్ని ఇంకా తేలిక చేసి మరో పేటెంట్ పొందాడు. చెక్కతో వారాలు పట్టే పని క్రోముతో ఒకటి రెండు రోజుల్లో అయిపోయింది. తోలు మెత్తగా, వేడికి తట్టుకునేలా వచ్చింది. అమెరికా వ్యాపారులకు మనం ఊని పంపే మేక తోళ్ల అవసరం తగ్గిపోయింది. పచ్చి తోళ్లు కొనుక్కుని తామే క్రోముతో ఊనుకోసాగారు. ఎక్కడో న్యూయార్కులో రాసిన ఒక కాగితం మద్రాసు రాజధానిలో తంగేడు చెక్క ఏరేవాళ్ల దాకా, లందలు తొక్కేవాళ్ల దాకా తగిలింది. గోళీకరణ అనే మాట పుట్టకముందే మన పేటలకు దాని రుచి తెలుసు. అన్నట్టు గోళీకరణ అని మా నాన్న అనేవాడు, ప్రపంచీకరణ అనాలని తర్వాత నేర్చుకున్నాం.

1903లో ఆల్ఫ్రెడ్ చాటర్టన్ మద్రాసు స్కూల్ ఆఫ్ ఆర్ట్స్‌లో క్రోము పద్ధతిని ఇక్కడ ప్రయత్నించాడు. మొదట్లో అతని కన్ను బూట్ల మీద లేదు, కపిల సంచుల మీద ఉంది. చెక్కతో ఊనిన సంచి నీళ్లలో నాని త్వరగా పాడైపోతుంది, క్రోము తోలైతే ఎక్కువ కాలం నిలుస్తుంది, రైతుకు లాభం అని. ఆ ఆలోచనలో మంచి ఉంది. పేదవాడి బావి నుంచి మొదలైన ప్రయోగం అది.

తర్వాత కథలో మన తెలుగు పేరొకటి రావాలి. యలవర్తి నాయుడమ్మ గారు. తెనాలి దగ్గర యలవర్రులో 1922లో పుట్టారు. తోలు పని అంటే ముఖం తిప్పుకునే కాలంలో వ్యవసాయదారుల ఇంట్లో పుట్టిన కుర్రాడు తోలు శాస్త్రం చదివాడు. 1948లో మద్రాసు అడయారులో కేంద్ర తోళ్ల పరిశోధనా సంస్థ, మనం సీఎల్ఆర్ఐ అంటామే అది, మొదలైంది. 1958 నుంచి 1971 దాకా ఆయన దాని డైరెక్టరు. తర్వాత సీఎస్ఐఆర్‌కే అధిపతి అయ్యారు. 1985లో కనిష్క విమానం పేలుడులో పోయారు. అంటరానివాడి పని అనిపించుకున్నదాన్ని ప్రయోగశాలలోకి తెచ్చి, కులం చూడకుండా అందరూ నేర్చుకోదగిన శాస్త్రంగా నిలబెట్టిన వాళ్లలో ఆయన ముందుంటారు. మన పిల్లలు ఎవరైనా సీఎల్ఆర్ఐలో చదువుతామంటే వెనక్కి లాగకండి.

1970లలో ప్రభుత్వం పచ్చి తోళ్లు, సగం ఊనిన తోళ్లు ఎగుమతి చేయడాన్ని అదుపు చేసింది. పూర్తిగా తయారైన తోలు, బూట్లు పంపితేనే దేశానికి డబ్బు అని. మన పాలారు వెంట వాణియంబాడి, ఆంబూరు, పేర్ణంపట్టు, రాణిపేట షాపులన్నిటిలో క్రోము డ్రమ్ములు తిరగడం ఎక్కువైంది. ఉద్యోగాలు వచ్చాయి, అది కాదనం. ఈ గదిలో సగం మంది ఫీజులు ఆ డ్రమ్ముల్లోంచే వచ్చాయి.

డ్రమ్ము లోపల ఏం జరుగుతుందో బయట పనిచేసేవాళ్లకు తెలిసి ఉండొచ్చు, మిగతావాళ్ల కోసం చెబుతాం. తోలును నానబెట్టి ఉప్పు వదిలిస్తారు. సున్నం, సోడియం సల్ఫైడు వేసి వెంట్రుక ఊడేలా చేస్తారు. సున్నం కడిగి, ఉప్పూ గంధకామ్లమూ కలిపిన నీళ్లలో వేస్తారు. అప్పుడు క్రోము పొడి. డ్రమ్ము తిరిగి తిరిగి తోలు నీలంగా బయటికొస్తుంది, వెట్ బ్లూ అంటాం కదా అది. మామూలు పద్ధతిలో వేసిన క్రోమియంలో 60–70 శాతమే తోలు పట్టుకుంటుంది. మిగిలింది నీళ్లతో బయటికి పోతుంది. కిలో తోలుకు 35 లీటర్ల నీళ్లు పడతాయని సుప్రీంకోర్టు తీర్పులోనే రాశారు. ఆ నీళ్లు ఎక్కడికి పోయాయో పాలారు గట్టు మీద కొబ్బరి చెట్టు పెంచినవాళ్లను అడగండి.

1996 ఆగస్టు 28న సుప్రీంకోర్టు వెల్లూరు సిటిజన్స్ వెల్ఫేర్ ఫోరం కేసులో తీర్పు ఇచ్చింది. దేశమంతా లా కాలేజీల్లో చదివే తీర్పు అది, మన ఊళ్ల పేరు మీద ఉంది. ఈ తోళ్ల ప్రాంతంలో దాదాపు 35,000 హెక్టార్ల సాగుభూమి కొంతో పూర్తిగానో పనికిరాకుండా పోయిందని అందులో రాశారు. పాడు చేసినవాడే నష్టం కట్టాలి అన్నారు. జస్టిస్ కుల్‌దీప్ సింగ్ దీన్ని మన దేశ చట్టంలో భాగమన్నారు. ఇది మనకు కొత్త మాట కాదు. నిర్గమకాండము 21వ అధ్యాయంలో గొయ్యి తవ్వి మూత వేయనివాడి సంగతి ఉంది. అందులో ఎవరి ఎద్దో గాడిదో పడితే గొయ్యి యజమాని దాని ధర కట్టాలి. గొయ్యి తవ్వడం తప్పని అక్కడ లేదు. బతకడానికి గోతులు తవ్వాలి. మూత వేసే బాధ్యత తవ్వినవాడిది. ఎద్దు కళ్లు తెరుచుకుని నడవాల్సింది అనే వాదన అక్కడ చెల్లదు.

తీర్పు తర్వాత నష్టపరిహారం లెక్కగట్టడానికి ఒక అథారిటీ వేశారు. ఉమ్మడి శుద్ధి కేంద్రాలు వచ్చాయి. కొంత మారింది. కానీ 2015 జనవరి 31 తెల్లవారుజామున రాణిపేట తోళ్ల పారిశ్రామికవాడలో శుద్ధి కేంద్రం బురద నిలువచేసిన తొట్టి గోడ కూలింది. ఆ బురద పక్క షాపులో నిద్రపోతున్న కూలీల మీద పడింది. పదిమంది చనిపోయారు. ఎక్కువమంది పశ్చిమ బెంగాల్ నుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చినవాళ్లు. ఊపిరాడక పోయారు, నిద్రలోనే. నీటిని శుద్ధి చేయడానికి కట్టిన కేంద్రానిదే ఆ తొట్టి. మొదటి తీర్పు వచ్చి 28 ఏళ్లు దాటాక, 2025 జనవరి 30న సుప్రీంకోర్టు మళ్లీ ఈ వెల్లూరు సంగతే విని, పరిహారం అందని కుటుంబాలకు చెల్లించమని, పనులు చూసేందుకు మాజీ హైకోర్టు న్యాయమూర్తి ఆధ్వర్యంలో కమిటీ వేయమని చెప్పాల్సి వచ్చింది. షుల్ట్జ్ పేటెంట్ గడువు 17 ఏళ్లు, 1901తో తీరిపోయింది. ఆ పద్ధతి వెనక మిగిల్చిన బురదకు గడువు ఏ చట్టంలోనూ రాయలేదు.

"మరి మంచి పద్ధతులు కనిపెట్టలేదా?" అని మీరు అడగాలి. కనిపెట్టారు. వాడిన క్రోమును తిరిగి రాబట్టే పద్ధతులున్నాయి. సీఎల్ఆర్ఐ వాళ్లే నీళ్లు పోయకుండా క్రోముతో ఊనే పద్ధతి తెచ్చారు, క్రోమియం వాడకం 15 నుంచి 20 శాతం తగ్గుతుందని సీఎస్ఐఆర్ చెప్పింది. మాంసం గీకే యంత్రం ఉంది, బురద పిండే యంత్రం ఉంది, తొట్టి అడుగు నుంచి లాగే పంపు ఉంది. అంతా ఉంది. ఇక్కడే మేము అసలు చెప్పాలనుకున్నది.

కొన్నేళ్ల కిందట మాలో ఒక తమ్ముడు ఒక షాపులో కాంట్రాక్టు పనికి కుదిరాడు. షాపు పేరు, ఊరి పేరు చెప్పం, అతను అడిగాడు కాబట్టి. ఒక ఆదివారం మురుగు తొట్టి దగ్గర పంపు మూసుకుపోయింది. మెకానిక్ రావాలంటే సోమవారం దాకా ఆగాలి. మేస్త్రీ వచ్చి "ఐదు వందలు ఎక్కువిస్తాం, దిగి చేత్తో తీసెయ్యి" అన్నాడు. పొద్దున ఆరాధనకు వెళ్లి వచ్చిన బట్టలు మార్చుకుని దిగాడు. ముందు కుళ్లిన గుడ్డు వాసన గట్టిగా కొట్టిందట. రెండు మెట్లు దిగేసరికి వాసన పోయింది. "వాసన పోయింది అన్నా, ఇప్పుడు బాగుంది" అని పైనున్నవాళ్లతో అన్నాడు. అదే అతను గుర్తుపెట్టుకున్న ఆఖరి మాట.

యవ్వనస్థులారా, ఈ ఒక్క సంగతి ఈ రోజు ఇంటికి తీసుకెళ్లండి. సున్నపు తొట్టి నీళ్లలో సల్ఫైడు ఉంటుంది. ఆమ్లం కలిపిన నీళ్లు వేరే కాలువలో వస్తాయి. రెండూ కలిస్తే హైడ్రోజన్ సల్ఫైడు అనే వాయువు పుడుతుంది. కొంచెం ఉంటే కుళ్లిన గుడ్డు వాసన. ఎక్కువైతే ముక్కుకు వాసన పట్టే శక్తే పోతుంది. వాసన తగ్గిందని మీకు అనిపించిన క్షణం గాలి బాగుపడిన క్షణం కాకపోవచ్చు, ఇంకా చెడిన క్షణం కావచ్చు. గాలి కంటే బరువైంది కాబట్టి అడుగున పేరుకుంటుంది. బురదను కెలికితే ఒక్కసారిగా పైకి లేస్తుంది. పడినవాణ్ని తీయడానికి ఆలోచించకుండా దిగిన అన్న, స్నేహితుడు, వాళ్లూ పడిపోతారు. పేపర్లో ఇద్దరు, ముగ్గురు అని వార్త వస్తే ఎక్కువసార్లు రెండోవాడు కాపాడటానికి దిగినవాడే.

ఆ రోజు మన తమ్ముణ్ని ఒక అన్న కాపాడాడు. రంగు వేసే పనివాడు. తాను దిగలేదు. కొక్కెం ఉన్న కర్ర తెచ్చి చొక్కా పట్టి లాగాడు. తర్వాత మూడు వారాలు ఆసుపత్రి. ఆ తర్వాత పని లేదు, "నువ్వే కదా దిగావు" అన్నారు. ఐదు వందలు మాత్రం ఎవరో తెచ్చి ఇంట్లో ఇచ్చి వెళ్లారు. వాళ్లమ్మ ఆ నోటును చాలాకాలం ఖర్చు పెట్టలేదు.

చూడండి, అక్కడ పంపు ఉంది. ఎవరో కనిపెట్టినదే, ఎవరో పేటెంట్ తీసుకుని, కంపెనీ అమ్మి, యజమాని కొన్నదే. మూసుకుపోతే బాగుచేయడానికి ఒక రోజు కావాలి. ఆ ఒక్క రోజు కంటే మన తమ్ముడి ఊపిరి చవక అని అక్కడ ఎవరో లెక్క వేశారు. గట్టిగా కూర్చుని వేసిన లెక్క కూడా కాదు, అలవాటుగా వేసినది. ఈ లెక్క మారకపోతే ఎన్ని యంత్రాలు వచ్చినా మూలకు పడి ఉంటాయి.

చట్టం దీన్ని ఎప్పుడో చెప్పింది. 1948 నాటి కర్మాగారాల చట్టంలో 36వ సెక్షన్ ఉండేది. ప్రమాదకరమైన వాయువు ఉండే తొట్టిలోకి, గోతిలోకి మనిషిని పంపకూడదు. పంపాలంటే అర్హుడైన మనిషి పరీక్షించి వాయువు లేదని రాసి ఇవ్వాలి. లేదా శ్వాస పరికరం పెట్టి, నడుముకు బెల్టూ తాడూ కట్టి, తాడు రెండో కొస బయట ఒకడు పట్టుకుని నిలబడాలి. పరీక్ష కాగితం, లేకపోతే గాలి, బెల్టు, తాడు. అడిగితే ఎక్కడ పని పోతుందోనని భయం, మాకు తెలుసు. ఒక్కడే అడిగితే పోతుంది. షిఫ్టులో అందరూ అడిగితే అంత తేలిగ్గా పోదు. బెంగాల్ తమ్ముడిని, బీహారు తమ్ముడిని కలుపుకుని అడగండి, తొట్టిలోకి ముందు పంపేది వాళ్లనే.

ఇదే రైలు దారిలో ఇంకొంచెం ముందుకు పోతే కోలారు బంగారు గనులు వస్తాయి. అక్కడి తెలుగు పారిశుద్ధ్య కార్మికుల ఇంట్లో 1966లో పుట్టినవారు బెజవాడ విల్సన్. గనుల కాలనీల్లో పొడి మరుగుదొడ్లు చేత్తో ఎత్తే పని ఆయన ఇంటివాళ్లది. సఫాయి కర్మచారి ఆందోళన్ కట్టి దేశమంతా తిరిగి, కోర్టులకెక్కి, 2016లో మెగసెసె పురస్కారం అందుకున్నారు. చేత్తో మలం ఎత్తించడాన్ని నిషేధిస్తూ 2013లో చట్టం వచ్చింది. రక్షణ సామగ్రి లేకుండా మురుగు కాలువలోకి, సెప్టిక్ ట్యాంకులోకి మనిషిని దించడం దాని ప్రకారం నేరం. చనిపోతే ఇవ్వాల్సిన పరిహారాన్ని సుప్రీంకోర్టు 2014లో 10 లక్షలన్నది, 2023 అక్టోబరులో 30 లక్షలకు పెంచింది. చంద్రుడి మీదికి పరికరం పంపగల దేశానికి కాలువ శుభ్రం చేసే యంత్రం దొరకదా అని చాలామంది అడిగారు. దొరికింది కూడా. కేరళ కుర్రాళ్లు మ్యాన్‌హోల్‌లోకి దిగే రోబో చేశారు, 2018లో తిరువనంతపురంలో పనిలో పెట్టారు.

మాకు అంతకంటే నచ్చినది హైదరాబాదు సంగతి. అక్కడి జలమండలి 2017లో 70 చిన్న జెట్టింగ్ యంత్రాలను దించింది. పెద్ద లారీ యంత్రాలు పాతబస్తీ సందుల్లోకి పోలేవు, అందుకే అక్కడ మనుషులు దిగేవారు. సందుకు సరిపోయేంత చిన్నవిగా వీటిని చేయించారు. వాటిని నడిపే అవకాశాన్ని దళిత పారిశ్రామికవేత్తల సమాఖ్య డిక్కీ తోడ్పాటుతో అట్టడుగు వర్గాల యువ వ్యాపారులకు ఇచ్చారు. పంకా కూలి గురించి మనం గీసుకున్న గడి ఉంది చూశారా, దాన్ని ఇక్కడ ఎవరో కొంతవరకు నింపారు. కొంతవరకే. 2021లో అదే నగరంలో మ్యాన్‌హోల్‌లో మళ్లీ మనుషులు పోయారు. యంత్రం ఉన్న ఊళ్లో కూడా, అది రాత్రిపూట ఆ సందుకు రాకపోతే, కాంట్రాక్టరు మనిషినే పిలుస్తాడు.

ఇంతసేపూ వేరేవాళ్లు కనిపెట్టినవాటి గురించే మాట్లాడాం. మీలో ఒకరు కనిపెట్టలేరా? తెలంగాణలో ఆలేరు దగ్గర శారాజీపేటలో చింతకింది మల్లేశం ఉన్నారు. ఆరో తరగతితో బడి ఆగిపోయింది. వాళ్లమ్మ లక్ష్మి గారు పోచంపల్లి చీరకు ఆసు పోసేవారు. ఒక్క చీరకు చేయి తొమ్మిది వేల సార్లు అటూ ఇటూ ఆడాలి. భుజం పట్టేసేది. ఆ భుజాన్ని చూసి 1992లో మొదలుపెట్టి, చేతిలో డబ్బుల్లేక ఆగుతూ సాగుతూ, 1999లో ఆసు యంత్రం పూర్తి చేశారు. అమ్మ పేరే పెట్టారు, లక్ష్మీ ఆసు యంత్రం. పేటెంట్ వచ్చింది, 2017లో పద్మశ్రీ వచ్చింది. మన గుడియాత్తం లుంగీకి ఆసు అక్కర్లేదు, నిజమే. కానీ మన ఇళ్లలో భుజాలు లేవా? బీడీలు చుట్టి చుట్టి వంకరపోయిన వేళ్లు లేవా? సీఎల్ఆర్ఐ ప్రయోగశాలలో కనిపించని సంగతులు మీ అమ్మ పక్కన కూర్చుంటే కనిపిస్తాయి.

ఎవరికైనా అలాంటి ఆలోచన ఉంటే భయపడకండి. మన ప్రాంతానికి పేటెంట్ ఆఫీసు చెన్నై గిండీలో ఉంది. తమిళనాడు, ఆంధ్ర, తెలంగాణ అన్నిటికీ అదే. మామూలు మనిషి ఆన్‌లైన్‌లో వేసే దరఖాస్తుకు మొదటి ఫీజు 1,600 రూపాయలు. ముందు తాత్కాలిక వివరణ ఇచ్చి, 12 నెలల్లో పూర్తి వివరణ ఇవ్వొచ్చు. పరీక్ష ఫీజు, ఏజెంటు ఖర్చు తర్వాత ఉంటాయి, అవి ఎక్కువే, దాచకుండా చెబుతున్నాం. దరఖాస్తు వేయకముందు మాత్రం మీ యంత్రాన్ని వీడియో తీసి ఊరంతా పంపకండి. కొత్తదనం పోయిందని తిరస్కరించే ప్రమాదం ఉంది. ఇంకో సంగతి, ఎవరైనా మన తంగేడు చెక్క విద్యనో ఇంకో పాత విద్యనో తమదని దరఖాస్తు వేస్తే, అది ప్రచురించాక పేటెంట్ ఇచ్చేలోపు ఎవరైనా అభ్యంతరం పెట్టొచ్చు. దానికి పెద్ద కంపెనీ అయి ఉండనక్కర్లేదు. మన తాతలకు ఏం తెలుసో కూర్చోబెట్టి రాసిపెట్టుకోవడం అందుకు కూడా అవసరం. లంద గురించి చెప్పగల తాతలు మా ఎరుకలో ఇద్దరే మిగిలారు.

మా బృందం ఒక చిన్న పని మొదలుపెట్టింది. తోళ్ల షాపుల్లో పనిచేసే మన యవ్వనస్థుల దగ్గర ఒక నోటు పుస్తకం ఉంది. మీ షాపులో తొట్టి ఎన్ని అడుగులు, పంపు ఎప్పుడు చెడింది, ఎన్ని రోజులకు బాగుచేశారు, ఆ మధ్యలో ఎవరైనా దిగారా, తాడు ఉందా. ఇవి మాత్రమే రాస్తున్నాం, పేర్లు రాయం. ఇప్పటికి 14 పేజీలు నిండాయి. ఈ పూట భోజనాల తర్వాత ఆ పుస్తకం కిటికీ పక్క బల్ల మీద ఉంటుంది.

వచ్చే నెల రెండో ఆదివారం మధ్యాహ్నం మూడు గంటలకు ఇక్కడే, అగ్నిమాపక శాఖలో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన వస్తున్నారు. నడుముకు బెల్టు ఎలా కట్టాలో, తాడు ఎలా పట్టుకోవాలో, తాను దిగకుండా పడినవాణ్ని ఎలా పైకి లాగాలో చేసి చూపిస్తారు. చర్చి వెనక ఉన్న ఎండిన బావి దగ్గర నేర్పిస్తారు. ఆడపిల్లలూ రావాలి. పాత బట్టలు వేసుకుని రండి. మన తమ్ముడు కూడా వస్తానన్నాడు, ఆ కొక్కెం కర్ర పట్టుకున్న అన్నను తీసుకుని.